బ్యాటరీ పోలేదు, పిన్ను కిందికి దిగింది

మొన్న జనవరిలో ఒక రాత్రి పదిన్నరకి మా బావమరిది ఫోన్ చేశాడు. ఇంగ్లండ్‌లోని కోవెంట్రీలో ఎంఎస్సీ చదువుతున్నాడు. విజయవాడలో బీటెక్ హాస్టల్ రోజుల నుంచి సిగరెట్ అలవాటు, అక్టోబర్‌లో మానేసి వేప్ పెన్ను, అంటే నికోటిన్ ద్రవాన్ని బ్యాటరీతో ఆవిరి చేసే ఈ-సిగరెట్, పట్టుకున్నాడు. "బావా, బ్యాటరీ పోయింది. బటన్ నొక్కితే లైటు మూడుసార్లు కొట్టుకుని ఆరిపోతోంది, ఆవిరి రావట్లేదు. ఛార్జింగ్ ఫుల్లుగానే ఉంది. కింద షాపు పదకొండింటిదాకా తెరిచే ఉంటుంది..." అని ఆగాడు.

ఆ ఆగడం ఏంటో నాకు బాగా తెలుసు. ఆ టైములో ఆ షాపులో వాడి పెన్నుకి సరిపోయే బ్యాటరీ దొరకదు, సిగరెట్ పెట్టె మాత్రం దొరుకుతుంది.

"షాపు సంగతి తర్వాత చూద్దాం. ముందు వీడియో కాల్‌లోకి రా. ఇయర్ బడ్స్, చెక్క టూత్‌పిక్, రెండు టిష్యూలు దగ్గర పెట్టుకో" అన్నాను. పావుగంటలో పెన్ను పనిచేసింది. బ్యాటరీకి ఏమీ కాలేదు, అది లూజ్ కాంటాక్ట్.

ఇది రాయాలని అప్పుడే అనుకున్నాను. నేను పదకొండేళ్ళు సిగరెట్లు తాగి, ఇక్కడ ఇంగ్లండ్‌లో ఉండగానే మానేశాను. మానేసిన మొదటి రెండు నెలల్లో రెండుసార్లు మళ్ళీ సిగరెట్ ముట్టించాను, ఆ రెండుసార్లూ కారణం ఒకటే, చేతిలో ఉన్న పెన్ను పనిచేయకపోవడం. మనసు గట్టిగానే ఉంది, ఒళ్ళు కూడా సర్దుకుంటోంది, కానీ రాత్రిపూట ఆ చిన్న లైటు కొట్టుకుని ఆరిపోయేసరికి టెన్షన్ పెరిగి కాళ్ళు వాటంతట అవే షాపు వైపు నడిచాయి. పైగా రెండోసారి ఆ బ్యాటరీ పాడైపోయిందనుకుని రీసైక్లింగ్‌లో వేసేశాను. అందులో ఏ లోపమూ లేదని నాకు ఇప్పుడు తెలుసు.

ఒక మాట ముందే చెప్పాలి. ఇండియాలో ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకం, ప్రకటనలు, అన్నీ 2019లో వచ్చిన చట్టంతో నిషిద్ధం, మొదటిసారి పట్టుబడితేనే ఏడాది దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా ఉన్నాయి. కాబట్టి ఇది బ్రిటన్ లాంటి చోట్ల ఉంటూ, సిగరెట్ మానడానికి దీన్ని వాడుతున్న మనవాళ్ళ కోసం రాస్తున్నాను. సిగరెట్ అలవాటు లేనివాళ్ళు దీని జోలికి రావద్దు. ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ కూడా సిగరెట్ కంటే దీనివల్ల హాని తక్కువ అంటుంది కానీ హాని లేదని అనదు, ఎప్పుడూ పొగ తాగనివాళ్ళని మొదలుపెట్టవద్దనే చెబుతుంది.

ఇప్పుడే ఎందుకంటే, 2025 జూన్ 1 నుంచి ఇక్కడ వాడి పారేసే వేప్‌ల అమ్మకం ఆపేశారు. వాటిలో కాంటాక్ట్ గొడవ లేదు, లోపల అన్నీ అతికించేసి ఉంటాయి, అయిపోతే పడేయడమే. ఇప్పుడు అందరూ బ్యాటరీ ఒక ముక్క, ద్రవం ఉండే ట్యాంకో 'పాడ్' అనే చిన్న డబ్బానో ఇంకో ముక్కగా ఉండేవాటికి మారారు. రెండు ముక్కలు కలిసే చోటు ఒకటి ఉందంటే అక్కడ నలక పడుతుంది, తడి చేరుతుంది, ఎడం వస్తుంది.

మా చిన్నప్పుడు నాన్న రాత్రిళ్ళు పొలం మోటారు దగ్గరికి వెళ్ళేటప్పుడు టార్చిలైటు వెలగకపోతే ముందు అరచేతిమీద రెండు దెబ్బలు కొట్టేవాడు. అప్పటికీ వెలగకపోతే అరుగు మీద కూర్చుని వెనక మూత తిప్పి తీసి, చిలుము పట్టిన స్ప్రింగుని ఉప్పు కాగితంతో రుద్ది, దాన్ని వేలితో కాస్త పైకి లాగి, మళ్ళీ మూత బిగించేవాడు. వెలిగేది. బ్యాటరీలు మార్చడం అన్నిటికన్నా ఆఖరి మాట. వేప్ పెన్ను దగ్గర చేయాల్సిందీ దాదాపు అదే పని, కాకపోతే జాగా చిన్నది, చేయి మెత్తగా ఉండాలి, ఉప్పు కాగితం మాత్రం వాడకూడదు, ఎందుకంటే ఆ పిన్నుల మీద పల్చటి పూత ఉంటుంది, రుద్దితే లేచిపోతుంది.

పెన్నులన్నిట్లో ఎక్కువగా కనిపించే మరకి 510 అని పేరు. 7 మిల్లీమీటర్ల వెడల్పు, ఒక్కో చుట్టుకీ మధ్య 0.5 మిల్లీమీటర్ దూరం, అలాంటివి పది చుట్లు, అందుకే ఆ అంకె. బ్యాటరీ నోట్లోకి టార్చి వేసి చూస్తే చుట్టూ ఉన్న మర నెగటివ్, నడిమధ్యలో ఉన్న గుండ్రటి పిన్ను పాజిటివ్, ఆ రెండూ తగలకుండా మధ్యలో తెల్లగానో నల్లగానో ఒక రింగు ఉంటుంది. ట్యాంకు అడుగున కూడా అచ్చం ఇలాగే, మధ్యలో ఒక పిన్ను, చుట్టూ మర. ట్యాంకు తిప్పి బిగించినప్పుడు మర ఎలాగూ మరని తాకుతుంది, దాంట్లో తేడా అరుదు. నడిమి పిన్ను నడిమి పిన్నుని తాకిందా లేదా అన్నదే అసలు సంగతి. వెంట్రుక మందం ఎడం ఉన్నా కరెంటు దాటదు.

ఆ ఎడం ఎలా వస్తుందంటే, మనమే తెస్తాం. ట్యాంకు బిగించేటప్పుడు వేళ్ళకి ఆగినట్టు తెలుస్తుంది, అయినా గట్టిగా ఉంటుందని ఇంకో పావు చుట్టు తిప్పుతాం, ఆ పావు చుట్టు పిన్నుని కిందికి నొక్కేస్తుంది. నిజానికి ట్యాంకు కంటే ఛార్జర్ ఎక్కువ చేటు చేస్తుంది. మర తిప్పి పెట్టే పాతరకం యూఎస్‌బీ ఛార్జర్లు ఇంకా చాలామంది వాడుతున్నారు, మా బావమరిదిది కూడా అదే. ట్యాంకు రెండు వారాలకోసారి విప్పుతాం, ఛార్జర్ రోజూ రాత్రి నిద్రమత్తులో బిగిస్తాం. పిన్ను రోజుకింత దిగుతూ దిగుతూ ఒకరోజు ట్యాంకుకి అందకుండా పోతుంది. పైగా ఛార్జర్ పిన్ను ట్యాంకు పిన్ను కంటే కాస్త పొడుగుంటే ఛార్జింగ్ మామూలుగానే ఎక్కుతుంది, అందుకే "ఫుల్ ఛార్జ్ ఉంది కానీ పనిచేయట్లేదు" అనే ఫిర్యాదు. దీనికి రివర్స్ కూడా ఉంది. బ్యాటరీ ఖాళీ అయినా ఛార్జర్‌కి పెట్టగానే ఎరుపు రాకుండా పచ్చ లైటే వెలుగుతూ ఉంటే ఫుల్ అయిందని కాదు, అసలు బ్యాటరీ ఉన్నట్టే ఛార్జర్‌కి తెలియలేదని.

ఆ రాత్రి వాడితో చేయించింది వరసగా చెబుతాను. ముందు బటన్ గబగబా ఐదుసార్లు నొక్కి ఆఫ్ చేయించాను, చాలా పెన్నులకి ఐదు నొక్కులే తాళం (కొందరు జేబులో నొక్కుకుపోయి తాళం పడిందని తెలియక బ్యాటరీ పోయిందనుకుంటారు, ముందు ఇది చూసుకోండి). తర్వాత ట్యాంకు విప్పి విడిగా టిష్యూ మీద నిలబెట్టి, బ్యాటరీ నోట్లోకి ఫోన్ టార్చి వేయమన్నాను. కెమెరాలో నాకు కనిపించింది గోధుమరంగు జిగురు, మర చుట్ల మధ్య జేబులోని నూలు పోగు ఒకటి, పిన్ను మాత్రం తెల్ల రింగు కంటే కిందికి దిగి గుంటలా ఉంది.

ఆ జిగురు ట్యాంకులోంచి కారిన ద్రవమే. అందులో గ్లిజరిన్ ఉంటుంది, ఆరిపోదు, గాల్లో తేమని కూడా పీల్చుకుంటుంది, దుమ్ముని పట్టి ఉంచుతుంది. టిష్యూని వత్తిలా మెలిపెట్టి ముందు తడి అంతా పీల్పించాం, బ్యాటరీని తలకిందులుగా పట్టుకుని చేయాలి, లేకపోతే ద్రవం లోపలికే దిగుతుంది. తర్వాత ఇయర్ బడ్ మీద ఐసోప్రొపైల్ ఆల్కహాల్, అంటే ఫోన్లు కంప్యూటర్లు తుడిచే స్పిరిట్, రెండు చుక్కలు వేసి పిన్నునీ, మర చుట్లనీ తుడవాలి. తడిపి ముంచకూడదు. బడ్ నల్లగా వస్తే ఇంకోటి తీసుకుని మళ్ళీ తుడవాలి. వాడికి నాలుగు బడ్స్ పట్టాయి. స్పిరిట్ మండేది కాబట్టి పూర్తిగా ఆరేదాకా, ఒక ఐదు పది నిమిషాలు, బటన్ జోలికి పోకూడదు. ఆ ద్రవంలో నికోటిన్ ఉంటుంది, చర్మంలోంచి కూడా ఎక్కుతుంది, చేతులు సబ్బుతో కడుక్కోవాలి, ఇంట్లో చిన్నపిల్లలుంటే ఆ టిష్యూలు వాళ్ళకి అందనివ్వకూడదు.

ఇక పిన్ను. టూత్‌పిక్ మొనని పిన్ను అంచు కిందికి పోనిచ్చి, చాలా నెమ్మదిగా, ముల్లు తీసేటప్పుడు ఎంత ఓపిగ్గా తీస్తామో అంత ఓపిగ్గా, పైకి లేపాలి. కొన్నిటికి పిన్ను తల మీద చిన్న గాడి ఉంటుంది, అక్కడైతే సులువు. అర మిల్లీమీటర్ లేస్తే చాలు, ఎక్కువ లాగితే కింద అతికిన తీగ ఊడిపోతుంది, లేదా రింగు కదిలిపోయి పిన్ను పక్కకి ఒరిగి మరని తాకుతుంది, అప్పుడది షార్ట్. చెక్క టూత్‌పిక్ అని ఎందుకు పట్టుబడుతున్నానంటే, సూదితోనో చిన్న స్క్రూడ్రైవర్‌తోనో లేపబోతే ఆ ఇనుము ఒకేసారి పిన్నునీ మరనీ తాకుతుంది, పాజిటివ్ నెగటివ్ కలిసిపోతాయి. ఆఫ్‌లో ఉందిగా అని ధైర్యం చేయకండి, కొన్ని పెన్నుల్లో ఆఫ్ అంటే బటన్ పనిచేయకపోవడం మాత్రమే. కొత్త రకాల్లో పిన్ను కింద స్ప్రింగు ఉంటుంది, దాన్ని లేపక్కర్లేదు, టూత్‌పిక్‌తో నొక్కి వదిలితే పైకి తేలాలి. తేలకపోతే జిగురు పట్టేసిందని అర్థం, స్పిరిట్‌తో తుడిచి నాలుగైదుసార్లు నొక్కి వదిలితే కదులుతుంది.

మళ్ళీ ట్యాంకు బిగించేటప్పుడు ముందు ఒక చుట్టు వెనక్కి తిప్పితే మర అమరిన చోట సన్నగా టిక్ మంటుంది, అక్కణ్ణుంచి ముందుకి తిప్పాలి, వేళ్ళకి ఆగిన చోట ఆపేయాలి. వాడు బటన్ నొక్కాడు. లైటు నిలకడగా వెలిగింది. ఇద్దరం కాసేపు ఏం మాట్లాడలేదు.

ఇంతా చేసి రాకపోతే? రెండో ట్యాంకు ఉంటే అన్నిటికంటే ముందు అది మార్చి చూడటమే మంచి పద్ధతి. ఇంకో ట్యాంకుతో బ్యాటరీ పనిచేస్తే తప్పు బ్యాటరీది కాదు, ఈ ట్యాంకుదో, దాని లోపల ద్రవాన్ని వేడిచేసి ఆవిరి చేసే తీగచుట్ట, అంటే కాయిల్‌దో. కాయిల్ లోపల మర సరిగా ఎక్కకపోయినా, నొక్కి పెట్టే రకమైతే పూర్తిగా దిగకపోయినా స్క్రీన్ ఉన్నవాటిలో "నో ఆటమైజర్" అనో "చెక్ ఆటమైజర్" అనో (ఆటమైజర్ అంటే ఈ ట్యాంకు, కాయిల్ భాగమే) వస్తుంది, స్క్రీన్ లేనివాటిలో లైటు కొట్టుకుంటుంది. ఎన్నిసార్లు కొట్టుకుంటే ఏం అర్థమన్నది ఒక్కో పెన్నుకి ఒక్కో రకం, డబ్బాలో వచ్చిన కాగితం పారేయకుండా ఒక ఫోటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి. కాయిల్ విప్పి అడుగు తుడిచి మళ్ళీ పెట్టాలి. కొత్త కాయిల్ వేసినా అదే చెబుతుంటే ట్యాంకు అడుగున ఉన్న చిన్న రబ్బరు రింగు నలిగిందేమో చూడాలి.

ఇంట్లో మల్టీమీటర్, అంటే కరెంటు కొలతలు చూపే చిన్న మీటరు, ఉన్నవాళ్ళకి ఇంకా సులువు. 200 ఓమ్‌ల దగ్గర పెట్టి ముందు రెండు పుల్లలూ ఒకదానికొకటి తాకిస్తే 0.2, 0.3 అని చూపిస్తుంది, అది తీగలదే, లెక్కలోంచి తీసేయాలి. తర్వాత ఒక పుల్ల ట్యాంకు అడుగు పిన్నుకి, ఒకటి మరకి. కాయిల్ మీద 1.2 అని రాసి ఉంటే అటూ ఇటూగా అంతే రావాలి. అంకె రాకుండా తెగిపోయినట్టు చూపిస్తే కాయిల్ పోయింది, సున్నాకి దగ్గరగా వస్తే షార్ట్, ఆ ట్యాంకుని బ్యాటరీకి పెట్టనే కూడదు. బ్యాటరీ నోట్లో మాత్రం మీటరు పుల్లలు పెట్టకండి, ఆ ఇరుకులో చేయి ఒక్క పిసరు జారినా రెండూ కలుస్తాయి.

కొందరికి పెన్ను పూర్తిగా ఆగదు, ఆవిరి పల్చబడుతుంది, రుచి చప్పబడుతుంది, అది కాయిల్ పాతబడటం అనుకుని కొత్తవి కొంటూ ఉంటారు. నేనూ అలా చాలా కాయిల్స్ మార్చాను. లెక్క వేసి చూస్తే అర్థమైంది. 3.7 వోల్టులు, 1.2 ఓమ్‌ల కాయిల్ అంటే సుమారు 11 వాట్లు. పిన్ను దగ్గర మురికి వల్ల అర ఓమ్ అడ్డు చేరిందనుకోండి, కాయిల్‌కి అందేది 6 వాట్ల లోపే, సగానికి సగం పోయింది. మిగతాదాంట్లో రెండు వాట్లకి పైగా ఆ పిన్ను దగ్గరే వేడిగా తేలుతుంది. అందుకే ట్యాంకు, బ్యాటరీ కలిసే మెడ దగ్గర గోరువెచ్చగా తగులుతుంటే నేను కాయిల్ మార్చను, ముందు పిన్ను తుడుస్తాను. స్క్రీన్ ఉంటే ఓమ్ అంకె 1.2, కాసేపటికి 1.7, మళ్ళీ 1.3 అని ఊగుతూ కనిపించడం కూడా దీని గుర్తే.

పాడ్ రకాల గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. అయస్కాంతంతో అతుక్కుంటాయి కాబట్టి బిగించే బాధ లేదు, అడుగున రెండు బంగారు రంగు చుక్కలు, వాటి మీద తడి చేరుతుంది, వారానికోసారి పొడి టిష్యూతో తుడిస్తే చాలు. చలికాలంలో కారులో వదిలేసి వెచ్చటి గదిలోకి తెస్తే లోపల చెమ్మ పడుతుంది, తుడిచి కాసేపు ఆగి వాడండి. కొత్త పాడ్ పనిచేయట్లేదంటే దాని అడుగున అతికించిన స్టిక్కర్ తీశారా లేదా చూడండి.

ఇప్పుడు అసలు భయపడాల్సినవి. ఇంతసేపు "బ్యాటరీ పోలేదు" అని చెప్పాను కానీ, నిజంగా పోయినవి కూడా ఉంటాయి, వాటితో ప్రయోగాలు చేయకూడదు. వాడకపోయినా ఒళ్ళు వేడిగా ఉన్నా, ఎక్కడైనా ఉబ్బినా, సొట్ట పడినా, నీళ్ళలో పడినా, బుస్సుమని శబ్దం వచ్చినా, రసాయనాల వాసన వచ్చినా పిన్ను లేపడాలు, తుడవడాలు ఏమీ వద్దు, ఛార్జింగ్ అసలే వద్దు. మండేవి ఏవీ దగ్గర లేని చోట, వీలైతే ఆరుబయట రాయి మీద పెట్టి, చల్లగా, కదలిక లేకుండా ఉందని తేలాక రీసైక్లింగ్‌కి ఇచ్చేయండి. ఇక్కడ వేప్‌లు అమ్మే షాపులు పాతవి వెనక్కి తీసుకోవాలి, అడగడానికి మొహమాటపడకండి. ఇంటి చెత్తబుట్టలో వేస్తే చెత్త లారీలో నలిగి అంటుకోవచ్చు, ఆ లారీలో పనిచేసేవాళ్ళు కూడా మనలాంటివాళ్ళే.

బ్యాటరీ విడిగా తీసే పెద్ద రకాలు వాడేవాళ్ళకి ఇంకో సంగతి. 18650 అనే సెల్లు, అంటే 18 మిల్లీమీటర్ల వెడల్పు, 65 మిల్లీమీటర్ల పొడవు, దాని ఒళ్ళంతా నెగటివే, పైనున్న బొడిపె ఒక్కటే పాజిటివ్. ఆ రెంటినీ విడదీసేది పల్చటి ప్లాస్టిక్ తొడుగు, పైన కాగితం రింగు. తొడుగు ఎక్కడ గీసుకుపోయినా, ముఖ్యంగా పై అంచు దగ్గర, ఆ సెల్లు పెట్టకండి, తొడుగు మార్పించండి. తాళంచెవులు, చిల్లర ఉన్న జేబులో విడి సెల్లు వేసుకుని తిరిగి తొడలు కాల్చుకున్నవాళ్ళు ఉన్నారు. ప్లాస్టిక్ డబ్బా కొంటే రెండు పౌండ్లలోపు వస్తుంది, కొనండి.

ఊరెళ్ళేవాళ్ళు అడుగుతుంటారు కాబట్టి అది కూడా. విమానంలో వీటిని చెక్-ఇన్ సామానులో పెట్టకూడదు, చేతి సంచీలోనే ఉండాలి, లోపల ఛార్జింగ్ పెట్టకూడదు, 2015 నుంచి ఇదే రూలు. కానీ ఇండియాకైతే అసలు తీసుకెళ్ళకండి, పైన చెప్పిన చట్టం ఉంది. నేను పోయినసారి ఇంటికి వెళ్ళినప్పుడు మూడు వారాలు నికోటిన్ గమ్‌తో గడిపాను. మొదటి నాలుగు రోజులు కష్టమైంది, తర్వాత పర్వాలేదు.

నా దగ్గర ఇప్పుడు మందుల డబ్బా పక్కన ఒక చిన్న జిప్ కవరు ఉంటుంది. అందులో ఇయర్ బడ్స్ ఒక పిడికెడు, టూత్‌పిక్‌లు, చిన్న సీసాలో స్పిరిట్, ఒక కొత్త కాయిల్, ఛార్జ్ చేసి పెట్టిన రెండో బ్యాటరీ. రెండో బ్యాటరీకి పన్నెండు పౌండ్లు పెట్టడానికి మొదట్లో చేయి రాలేదు. ఇక్కడ సిగరెట్ పెట్టె ఒక్కటి అంతకంటే ఎక్కువని గుర్తొచ్చి కొన్నాను.

పోయిన ఆదివారం బావమరిది మళ్ళీ రాత్రిపూటే ఫోన్ చేశాడు. నా గుండె జారిపోయింది. వాడిది కాదట, రూమ్మేట్ పెన్నట. ఆ అబ్బాయి మానేసి ఇంకా తొమ్మిది రోజులే అయిందట. "పిన్ను లేపాను బావా, నాలుగు బడ్స్‌తో తుడిచాను, మీటరు కూడా కొన్నాను. 1.5 చూపిస్తోంది, కాయిల్ మీద 1.2 అని ఉంది, ఇది పర్వాలేదా?" అన్నాడు. పుల్లలు రెండూ ఒకదానికొకటి తాకించి చూడు ఎంత వస్తుందో అన్నాను. చూశాడు. 0.3.